అనంతపురం కరువుసీమలో ఆరోగ్య సిబ్బందికి కావలసిన డిజిటల్ సామర్థ్యాలు: ఒక వివరణ

వ్యాససంగ్రహం:
వైద్యారోగ్య రంగంలో డిజిటల్ నైపుణ్యమంటే పరికరాన్ని నడపడం, దరఖాస్తును నింపడం అన్న అభిప్రాయం శిక్షణ కార్యక్రమాల్లో బలంగా ఉంది. అనంతపురం పీఠభూమి వంటి వలస ప్రాంతంలో ఈ నిర్వచనం చాలదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. రోగి గుర్తింపును నిర్ధారించడం, కొలతను ఉన్నదున్నట్లు నమోదు చేయడం, రోగి మాటను వైద్యసంకేతంగా మార్చడం, దూరవైద్యంలో రోగస్థితిని నివేదించడం, గోప్యతను కాపాడడం అనే అయిదు సామర్థ్యాలను స్థానిక పరిస్థితుల నుంచి వివరిస్తుంది.

కీలకపదాలు: డిజిటల్ ఆరోగ్యం, ఏ.ఎన్.ఎం., ఆభా సంఖ్య, ఈ-సంజీవని, వలస, గోప్యత, అనంతపురం.

1. ప్రవేశిక

2007 ఏప్రిల్ 1న నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ పథకం మొదలైనప్పుడు దానిని తొలి విడతగా మూడు జిల్లాల్లోనే అమలుచేశారు. అవి మహబూబ్‌నగర్, శ్రీకాకుళం, అనంతపురం. మూడూ వెనుకబడినవే, మూడూ వలసలకు పేరుపడినవే. ఆ పథకాన్ని ఎక్కువమంది ఆరోగ్యబీమాగానే చూశారు. కాని దాని పనితీరును గమనిస్తే అది గ్రామీణ వైద్యంలోకి కంప్యూటరు ప్రవేశించిన ఘట్టం కూడా. శస్త్రచికిత్సకు ముందస్తు అనుమతిని ఆన్‌లైన్‌లో కోరాలి. పరీక్షల నివేదికలు, ఛాయాచిత్రాలు పంపాలి. జబ్బును నిర్ణీత సంకేతాల్లో ఒకదాని కిందికి చేర్చాలి. తెల్లకార్డు పట్టుకొని వచ్చిన రైతుకూలీకీ, ఎక్కడో కూర్చొని అనుమతినిచ్చే వైద్యునికీ నడుమ నిలిచిన 'ఆరోగ్యమిత్ర' ఈ నేలమీద తొలితరం డిజిటల్ ఆరోగ్య కార్యకర్త అనడం అతిశయోక్తి కాదు.

అప్పటినుంచి వ్యవస్థలు ఒకదానిపై ఒకటి పేరుకున్నాయి. 2009లో తల్లీబిడ్డల వివరాలను పేరుపేరునా నమోదుచేసే జాతీయ వ్యవస్థ వచ్చింది. 2012లో క్షయరోగుల కోసం 'నిక్షయ్' వచ్చింది. 2016లో ఏ.ఎన్.ఎం.ల చేతికి ట్యాబ్లెట్‌తో పాటు 'అన్‌మోల్' అనువర్తనం వచ్చింది. 2019 చివరలో ఉపకేంద్రాన్ని వైద్యునితో కలిపే 'ఈ-సంజీవని' మొదలైంది. 2021 సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశవ్యాప్తమై, ప్రతి వ్యక్తికీ 14 అంకెల ఆభా సంఖ్యను ప్రతిపాదించింది. ఇన్ని వ్యవస్థల భారమూ చివరికి చేరేది ఒకే మనిషి భుజాల మీదికి. ఆమె ఏ.ఎన్.ఎం. కావచ్చు, ఆశా కార్యకర్త కావచ్చు, ఎం.ఎల్.హెచ్.పి. కావచ్చు. ఆమెకు ఏమి తెలిసి ఉండాలన్నదే ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

2. నైపుణ్యం, సామర్థ్యం: భేదం

ఈ రెండు మాటలను మనం పర్యాయపదాలుగా వాడుతుంటాం. ఇక్కడ వేరుచేసి చూడవలసి ఉంది. తెరపై ఏ మీట నొక్కితే ఏ పుట తెరుచుకుంటుందో తెలియడం నైపుణ్యం. ఆ పుటలో అడిగిన ప్రశ్నకు తన ఎదుటనున్న మనిషి విషయంలో సరైన సమాధానమేమిటో, సమాధానం లేనప్పుడు ఏమి చేయాలో నిర్ణయించగలగడం సామర్థ్యం. మొదటిది రెండు రోజుల శిక్షణతో వస్తుంది. అనువర్తనం మారితే పాతబడుతుంది. రెండవది వృత్తిజ్ఞానంలో భాగం.

ఈ విషయంపై అంతర్జాతీయంగా చట్రాలకు కొదవలేదు. అంతర్జాతీయ వైద్య సమాచారశాస్త్ర సంఘం 2000లో బోధనా సూచనలు వెలువరించి, 2010లో సవరించింది. ఐరోపా సంఘం 2013లో సాధారణ పౌరుల కోసం 'డిజ్‌కాంప్' చట్రాన్ని ప్రకటించింది. బ్రిటన్‌లో 2019 నాటి టోపోల్ సమీక్ష ఆరోగ్య సిబ్బందిని డిజిటల్ భవిష్యత్తుకు సిద్ధం చేయడాన్ని చర్చించింది. మన దేశంలో భారతీయ నర్సింగ్ మండలి 2021 నాటి బి.ఎస్సీ. నర్సింగ్ పాఠ్యప్రణాళికలో ఆరోగ్య సమాచారశాస్త్రానికి చోటిచ్చింది. వీటన్నిటికీ విలువ ఉంది. అయితే పాశ్చాత్య చట్రాలు చెప్పకుండానే మూడు విషయాలను ఊహించుకుంటాయి: రోగికి స్థిరనివాసం ఉంటుంది, అతనికి సొంత ఫోను ఉంటుంది, అతని పేరును ఒకే తీరుగా రాస్తారు. అనంతపురం పీఠభూమిలో ఈ మూడింటిలో ఏ ఒక్కటీ నిలవదు.

3. ఊరు కదిలే రోగి

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. వేరుశనగ చేయి దాటిన ఏడు పల్లెల్లో ముసలివాళ్లు, పసివాళ్లు మిగులుతారు. పనిచేయగలవారు బెంగళూరుకో, కేరళకో వెళతారు. 2022 ఏప్రిల్ 4న పాత జిల్లా అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాలుగా విడిపోయింది. దీనితో కొన్ని ఊళ్ల రోగుల చిరునామాలో జిల్లా పేరు కూడా మారింది. పడమటి మండలాల వారికి పెద్దాసుపత్రి అంటే బళ్లారి. దక్షిణాన మడకశిర, రొళ్ల వైపు ఇళ్లలో కన్నడం వినిపిస్తుంది.

ఇక పుట్టింటి పురుడు సంగతి. అత్తవారి ఊరిలో గర్భిణిగా నమోదైన స్త్రీ ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పుట్టింటికి వెళుతుంది. అక్కడి ఏ.ఎన్.ఎం. పాత నమోదు సంఖ్యను అడగకపోతే, లేదా ఆ కార్డు అత్తవారింటి పెట్టెలోనే ఉండిపోతే, ఆమెను కొత్త గర్భిణిగా నమోదు చేస్తుంది. అప్పుడు లెక్కల్లో ఇద్దరు స్త్రీలుంటారు. ఒకామె నాలుగు పరీక్షలూ చేయించుకొని, కాన్పు సమాచారం లేకుండా మాయమవుతుంది. మరొకామె ఏ పరీక్షా లేకుండా నెలలు నిండి వస్తుంది. మొదటి నమోదులో అధిక రక్తపోటు ఉన్నట్లు రాసి ఉంటే, ఆ హెచ్చరిక అత్తవారి ఊరి ట్యాబ్లెట్‌లోనే ఉండిపోతుంది. ప్రసవవేదనతో వచ్చిన స్త్రీకి అది పనికిరాదు.

ఇది సాఫ్ట్‌వేరు లోపమని తోసిపుచ్చడం సులభం. కాని ఏ సాఫ్ట్‌వేరూ అడగని ప్రశ్నను అడగడమే ఇక్కడ సామర్థ్యం: 'అమ్మా, ఇదివరకు ఎక్కడైనా పేరు రాయించుకున్నావా? ఆ కార్డు ఎవరి దగ్గరుంది?'

4. ఒకే పేరు, పలువురు మనుషులు

గుర్తింపు సమస్యకు ఈ ప్రాంతపు పేర్లు మరొక చిక్కును జోడిస్తాయి. కదిరి నరసింహుడు, పెన్నహోబిలం స్వామి, కసాపురం ఆంజనేయుడు కొలువైన సీమ. నరసింహులు, కదిరప్ప, ఓబులేసు, ఓబులమ్మ, ఆంజనేయులు వంటి పేర్లు ప్రతి వీధిలోనూ ఉంటాయి. ఓబులేసును ఓబులేశు అని, ఓబిలేసు అని, ఓబులేశప్ప అని రాసేవారున్నారు. రోమన్ లిపిలోకి వెళ్లేసరికి శ-సల భేదం, ల-ళల భేదం, హ్రస్వదీర్ఘాలు రాసేవారి ఇష్టానికి మారిపోతాయి. ఇంటిపేరు ఒక కార్డులో ముందుంటుంది, మరొక కార్డులో చివరుంటుంది, ఇంకొకదానిలో ఉండదు. పుట్టినతేదీ తెలియని పెద్దలకు జనవరి 1 అని నమోదుచేయడం పరిపాటి. ఒకే ఊరిలో ఒకే పేరు, ఒకే పుట్టినతేదీ గల ఇద్దరు ఉండడానికి ఇంతకంటే ఏమి కావాలి?

ఇక్కడ జరిగే పొరపాట్లు రెండు విధాలు. ఒక మనిషి రెండు నమోదులుగా చీలిపోవడం మొదటిది. ఇద్దరు మనుషులు ఒకే నమోదులో కలిసిపోవడం రెండవది. చీలితే చికిత్స చరిత్ర తెగిపోతుంది, పరీక్షలు మళ్లీ చేయవలసి వస్తుంది. కలిసిపోతే ఒకరి మధుమేహానికి మరొకరు మాత్ర మింగవలసి వస్తుంది. రెండవది అరుదుగా జరిగినా ప్రమాదం ఎక్కువ. శిక్షణలో మాత్రం నకిలీ నమోదులను తొలగించడమెలాగో మొదట చెబుతారు. అంటే చీలిక గురించే మాట్లాడతారు. తొలగించే ఉత్సాహంలో కలపకూడని వాటిని కలిపే ప్రమాదముందని చెప్పడం అంతకంటే అవసరం.

గుర్తింపు సక్రమంగా ఉంటే ఏమి సాధ్యమో కూడా ఇదే ప్రాంతంలో ఉదాహరణ ఉంది. విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి నెలకొల్పిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టుకు బత్తలపల్లిలో ఆసుపత్రి ఉంది. అక్కడి హెచ్.ఐ.వి. రోగుల నమోదుల ఆధారంగా విన్సెంట్ ఫెర్రర్ హెచ్.ఐ.వి. కోహార్ట్ అధ్యయనం రూపొందింది. ఆల్వారెజ్-ఊరియా బృందం 2013లో దాని ఆధారంగా మందులు మొదలుపెట్టిన రోగుల్లో మరణాలను, చికిత్స నుంచి జారిపోవడాన్ని గురించి ప్రచురించింది. ఆసుపత్రికి రావడం మానేసిన రోగి మరణించి ఉండవచ్చు, వలస వెళ్లి ఉండవచ్చు, మరొక కేంద్రంలో మరొక పేరుతో మందులు తీసుకుంటూ ఉండవచ్చు. తెరపై మూడూ ఒకే ఖాళీగా కనిపిస్తాయి. మరణించినవారిని 'రాలేదు' అని రాస్తే మరణాల రేటు తగ్గినట్లు భ్రమ కలుగుతుంది. వేరొకచోట చికిత్స పొందేవారిని 'జారిపోయారు' అని రాస్తే కార్యక్రమం విఫలమైనట్లు కనిపిస్తుంది. ఆ ఖాళీ వెనకనున్న కారణాన్ని కనుక్కొని రాసేది క్షేత్రస్థాయి కార్యకర్తే. పరిశోధకుడు చేసే గణాంక విశ్లేషణ ఆమె ఇంటింటికీ తిరిగిన నడకపై ఆధారపడి ఉంటుంది.

5. గుండ్రని అంకెలు

రక్తహీనతను తీసుకొందాం. గర్భిణికి హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 11 గ్రాములకు తగ్గితే రక్తహీనత. 10 నుంచి 10.9 వరకు స్వల్పం, 7 నుంచి 9.9 వరకు మధ్యస్థం, 7కు తక్కువైతే తీవ్రం. తీవ్రమైనప్పుడు ఆమెను ఆసుపత్రికి పంపాలి. ఇప్పుడు కొలత 6.8 వచ్చిందనుకొందాం. తొందరలో దానిని 7 అని రాస్తే రెండు పాయింట్ల తేడాయే కదా అనిపిస్తుంది. కాని ఆ క్షణంలో ఆమె వర్గం మారిపోతుంది. తెరపై ఎర్రగుర్తు వెలగదు, పెద్దాసుపత్రికి పంపవలసినవారి జాబితాలో పేరు చేరదు. కాగితపు రిజిస్టరులో 6.8ని 7గా రాసినా దానిని చూసిన వైద్యుడు పాలిపోయిన ముఖాన్ని కూడా చూసేవాడు. యంత్రం అంకెను మాత్రమే చూస్తుంది. కాబట్టి డిజిటల్ వ్యవస్థలో చిన్న సవరింపునకు పూర్వంకంటే పెద్ద పర్యవసానముంటుంది.

రక్తపోటు విషయంలో ఈ అలవాటును కనిపెట్టడం కష్టం కాదు. పాదరస పరికరంపై గీతలు రెండేసి మిల్లీమీటర్లకు ఉంటాయి. కనుక చివరి అంకెలుగా 0, 2, 4, 6, 8 మాత్రమే రావాలి, ఒక్కొక్కటి ఇంచుమించు నూటికి 20 వంతున రావాలి. ఎలక్ట్రానిక్ పరికరమైతే పది అంకెలూ నూటికి 10 వంతున రావాలి. ఒక కేంద్రపు నమోదుల్లో సగానికి పైగా సున్నాతో ముగుస్తుంటే, వరసగా 120/80లు కనిపిస్తుంటే, అక్కడ కొలత కంటే అలవాటే పనిచేస్తోందని అర్థం. గణాంకశాస్త్రం బోధించే కళాశాలలు స్థానిక ఆరోగ్యకేంద్రాలతో కలిసి, పేర్లు తొలగించిన నమోదులపై ఈ చిన్న పరీక్షను విద్యార్థులచేత చేయించవచ్చు. ఖర్చులేని పరిశోధన ఇది.

అయితే ఈ దోషాన్ని కార్యకర్త బద్ధకానికి అంటగట్టడం అన్యాయం. గడి ఖాళీగా ఉంటే తరువాతి పుట తెరుచుకోని అనువర్తనం, పరికరం బ్యాటరీ అయిపోయిన రోజున కూడా ఒక అంకెను కోరుతుంది. అదే వివరాన్ని రిజిస్టరులోనూ ట్యాబ్లెట్‌లోనూ రెండుసార్లు రాయవలసి వచ్చినప్పుడు, సాయంత్రానికి లక్ష్యం పూర్తికావాలన్న ఒత్తిడి ఉన్నప్పుడు, గుండ్రని అంకె ఆత్మరక్షణగా మారుతుంది. 'కొలవలేదు' అని నిర్భయంగా రాయగలిగే వెసులుబాటు వ్యవస్థ ఇవ్వాలి. దానిని వాడుకొనే ధైర్యం సిబ్బందికి ఉండాలి. నా దృష్టిలో మొత్తం డిజిటల్ సామర్థ్యాల్లో అన్నిటికంటే కష్టమైనది ఇదే.

6. 'ఆయాసం' అంటే ఏమిటి?

రోగి తన బాధను తెలుగులో చెబుతాడు. వ్యవస్థ దానిని అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణలోని సంకేతంగా అడుగుతుంది. ఆయాసమని వచ్చిన స్త్రీకి ఉబ్బసం ఉండవచ్చు, గుండె బలహీనత ఉండవచ్చు, రక్తహీనత ఉండవచ్చు. పదవ వర్గీకరణలో ఉబ్బసానికి జె45, గుండె వైఫల్యానికి ఐ50, ఇనుము లోపంవల్ల వచ్చే రక్తహీనతకు డి50 సంకేతాలు. కారణం తెలియని ఆయాసాన్ని లక్షణంగానే నమోదుచేయడానికి ఆర్06 అనే వేరే సంకేతముంది. నిర్ధారణ కాకముందే జె45 అని రాస్తే, ఆ ముద్ర తరువాతి వైద్యుని ఆలోచనను కూడా బంధిస్తుంది. తెలిసినంతవరకే రాయడం, తెలియనిదానిని లక్షణంగానే ఉంచడం అనే సంయమనం సంకేతాల పట్టికను కంఠస్థం చేయడంవల్ల రాదు.

'కళ్లు బైర్లు కమ్ముతున్నాయి', 'కాళ్లు గుంజుతున్నాయి', 'గుండెదడ', 'నిస్సత్తువ' వంటి మాటలకు వైద్యపరమైన అర్థపరిధి ఎంత, మండలం మారితే అది ఎలా మారుతుంది అన్న అంశంపై భాషాశాస్త్ర పరిశోధకులు చేయగలిగిన పని ఎంతో ఉంది. మాండలిక పదకోశాల్లో వ్యవసాయం, చేనేత వంటి వృత్తిపదాలకు దొరికిన శ్రద్ధ రోగలక్షణ పదాలకు దొరకలేదు.

7. తెరకు అవతలి వైద్యుడు

దూరవైద్యం తెలుగునేలకు కొత్త కాదు. 2000 సంవత్సరంలోనే చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో సంస్థ గ్రామీణ దూరవైద్య కేంద్రాన్ని ప్రారంభించింది. ఈ-సంజీవనిలో ఉపకేంద్రంలోని ఎం.ఎల్.హెచ్.పి. రోగిని పక్కన కూర్చోబెట్టుకొని దూరంలోని వైద్యునితో మాట్లాడుతుంది. అంటే రోగిని తాకేది, వాసన చూసేది, వాపును నొక్కి గుంట పడుతుందో లేదో గమనించేది ఆమె ఒక్కతే. కెమెరాలో రంగులు నమ్మదగినవి కావు. ట్యూబులైటు వెలుగులో పాలిపోయిన కనురెప్ప ఎర్రగా కనిపించవచ్చు, కామెర్ల పచ్చదనం దాగిపోవచ్చు. మధుమేహ రోగి పాదంలోని పుండు లోతు తెరపై తెలియదు. తాను చూసినదాన్ని క్లుప్తంగా, వరసగా, ముఖ్యమైనది ముందు వచ్చేలా చెప్పగలగడం మౌఖిక నైపుణ్యమే అయినా, దూరవైద్యంలో ఇదే ప్రధానమైన డిజిటల్ సామర్థ్యం.

2020 మార్చి 25న కేంద్రం వెలువరించిన దూరవైద్య మార్గదర్శకాలు కూడా ఆమెకు తెలిసి ఉండాలి. రోగి తానే సంప్రదిస్తే సమ్మతి ఉన్నట్లే. ఆరోగ్య కార్యకర్త చొరవతో జరిగితే స్పష్టమైన సమ్మతి తీసుకోవాలి. కొన్ని మందులను తొలి సంప్రదింపులో రాయకూడదు, మాదకద్రవ్యాల వంటివాటిని దూరవైద్యంలో అసలే రాయకూడదు. తెర చాలదని తోచినప్పుడు రోగిని నేరుగా ఆసుపత్రికి పంపమని చెప్పే హక్కు ఇరువైపులా ఉంది.

8. ఫోను ఎవరి చేతిలో ఉంది?

గోప్యతను చట్టపరంగా వివరించేవారు సాధారణంగా 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టంతో మొదలుపెడతారు. 2017 నాటి హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం రోగి సమ్మతి లేకుండా అతని స్థితిని వెల్లడించరాదని అంతకుముందే చెప్పింది. చట్టాలు అవసరమే. కాని ఈ ప్రాంతంలో గోప్యత సాధారణంగా భంగపడేది దూరదేశపు హ్యాకర్లవల్ల కాదు, ఇంట్లో ఒకే ఫోను ఉండడంవల్ల.

ఆ ఫోను భర్తతో బెంగళూరు వెళ్లిందనుకొందాం. ఆమె ఆభా సంఖ్యకోసం వచ్చే ఓటీపీ అక్కడికే చేరుతుంది. 'కాస్త ఆ అంకె చెప్పు' అని ఫోను చేసి అడగవలసి వస్తుంది. అంటే ఆమె ఏ రోజు, ఎందుకు ఆసుపత్రికి వెళ్లిందో భర్తకు తెలియకుండా సంప్రదింపు జరగదు. అది జ్వరమైతే ఇబ్బంది లేదు. గర్భనిరోధకం కోసమో, హెచ్.ఐ.వి. పరీక్షకోసమో, ఇంట్లో తగిలిన దెబ్బలకోసమో వచ్చినప్పుడు ఆ ఓటీపీ ఆమెకు ముప్పు తెచ్చిపెట్టవచ్చు. ఆభా సంఖ్య స్వచ్ఛందమని, అది లేకపోయినా చికిత్స ఆగదని తెలిసిన ఏ.ఎన్.ఎం. ఆ సమయంలో ట్యాబ్లెట్‌ను పక్కన పెట్టగలుగుతుంది. లక్ష్యపు సంఖ్య మాత్రమే తెలిసినామె ఫోను చేయిస్తుంది. ఇద్దరికీ అనువర్తనం నడపడం సమానంగా వచ్చు.

ఊరి సచివాలయపు బల్లపై తెర అందరికీ కనిపించేలా ఉంచడం, సహోద్యోగులు ఒకే సంకేతపదాన్ని పంచుకోవడం, రోగి నివేదికను సిబ్బంది వాట్సాప్ బృందంలో పెట్టడం వంటివి అందరికీ తెలిసినవే, విస్తరించనక్కరలేదు.

9. పరీక్షించడమెలా?

పై సామర్థ్యాలను బహుళైచ్ఛిక ప్రశ్నలతో కొలవలేం. అనంతపురం ప్రభుత్వ వైద్యకళాశాల, జిల్లాలోని నర్సింగ్ కళాశాలలు ఒక ప్రాయోగిక పరీక్షను రూపొందించవచ్చు. కల్పిత నమోదులు నలభై ఇవ్వాలి. వాటిలో చీలిన నమోదులు కొన్ని, పొరపాటున కలిసిపోయినవి ఒకటి రెండు, గుండ్రని అంకెల వరస ఒకటి, నిర్ధారణ కాని ఆయాసానికి తొందరపడి రాసిన సంకేతం ఒకటి ఉండాలి. అభ్యర్థి వాటిని పట్టుకోవడంతో సరిపెట్టకుండా, ప్రతిదానికీ ఎవరిని ఏ ప్రశ్న అడిగి సరిచూస్తుందో చెప్పాలి. కలిసిపోయిన నమోదును గుర్తించనివారికి మిగతా ముప్ఫైతొమ్మిదింటిలో ఎన్ని మార్కులు వచ్చినా ఉత్తీర్ణత ఇవ్వకూడదు. తరువాతి అరగంటలో, రోగిగా నటించే వ్యక్తి ఎదుట కూర్చుని 'ఫోను మా ఆయన దగ్గరుంది, ఆయనకు తెలియకూడదు' అంటుంది. అభ్యర్థి ఆ తరువాత ఏమి చేస్తుందో పరీక్షకుడు మౌనంగా రాసుకోవాలి.